అర సెకనులో కుంటాల

ఆషాఢం వచ్చిందంటే పెళ్లి ఫొటోగ్రాఫర్‌కు తీరికే తీరిక. ముహూర్తాలుండవు మరి! భాద్రపదంలోనూ అంతే. చిత్రమేమిటంటే, సరిగ్గా ఆ రోజుల్లోనే అడవుల్లో జలపాతాలు నిండుగా దూకుతుంటాయి. ధర్పల్లిలో స్టూడియో నడుపుకొనే ఓ నడివయసు ఫొటోగ్రాఫర్ ఆ తీరికను ఏటా కుంటాలకు రాసిచ్చేశాడు. చేలల్లో పసుపు మొక్కలు పచ్చగా ఎదిగే ఆ నెలల్లో, మబ్బు పట్టిన రోజు చూసుకుని కోడి కూయకముందే బయల్దేరతాడు. ఆర్మూరు దగ్గర పెద్ద రోడ్డెక్కి, సోన్ వద్ద గోదావరి దాటి, నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ జిల్లా నేరడిగొండ చేరతాడు. అక్కణ్నుంచి 12 కిలోమీటర్లు లోపలికి పోతే కుంటాల.

కడెం నది ఇక్కడ దాదాపు 147 అడుగుల ఎత్తు నుంచి బండల మీదుగా అంచెలంచెలుగా దూకుతుంది. శకుంతల పేరు మీదే దీనికి కుంటాల అన్న పేరు వచ్చిందని చెప్పుకొంటారు. జలపాతం దగ్గర సోమేశ్వరస్వామి కొలువై ఉన్నాడు. శివరాత్రికి భక్తులు తరలివస్తారు. రోడ్డు నుంచి కిందికి వందల మెట్లు దిగాలి. దిగే కొద్దీ చెవుల్లో హోరు పెరుగుతుంది, ముఖం మీద తుంపర పడుతుంది.

చూడ్డానికి ఇంత బాగుంది కదా, ఫొటో తీయడం ఎంతసేపు అనుకుంటాం. అక్కడే ఉంది చిక్కంతా! నీళ్లేమో తెల్లగా మెరుస్తాయి. పక్కన తడిసిన బండలు నల్లగా నిగనిగలాడతాయి. చుట్టూ చెట్ల నీడ. మన కన్ను రెండింటినీ ఒకేసారి సర్దుకుని చూస్తుంది గానీ కెమెరాకు ఆ నేర్పు తక్కువ. బండలు కనిపించేలా తీస్తే నీళ్లు సున్నం కొట్టిన గోడలా తెల్లబోతాయి. అలా తెల్లబోయిన చోట ఏముందో తర్వాత కంప్యూటర్లో ఎంత కష్టపడ్డా తిరిగి రాదు. కొమ్మల సందుల్లోంచి ఎండ మచ్చలు మచ్చలుగా పడితే ఇంకా కష్టం. అందుకే ఆయన ఎండకు మొక్కడు, మబ్బుకు మొక్కుతాడు!

ఇక రెండో సంగతి సమయం. పైనుంచి పడే నీటిబొట్టు మొదటి సెకనులోనే దాదాపు 16 అడుగులు కిందికి దిగుతుంది. కెమెరా కన్ను సెకనులో వెయ్యో వంతు మాత్రమే తెరిస్తే ఆ బొట్టు గాజుపూసలా గాల్లో నిలిచిపోతుంది. అర సెకను తెరిచి ఉంచితే బొట్టు కాస్తా గీత అవుతుంది. అలాంటి వేల గీతలు కలిసి పట్టుచీర కుచ్చిళ్లలా కనిపిస్తాయి. పది సెకన్లు ఉంచితే కుచ్చిళ్లూ పోయి ఉత్త పొగమంచే మిగులుతుంది.

పగటి వెలుగులో అర సెకను తెరిస్తే ఫొటో మొత్తం తెల్లబడిపోదా? పోతుంది. అందుకే ఐఎస్‌వోను 100కు దించి, అపర్చర్‌ను 11 దాకా చిన్నది చేస్తాడు. అదీ చాలకపోతే లెన్సుకు నల్ల అద్దం తొడుగుతాడు. కాంతిని ఎనిమిదో వంతుకు తగ్గించే ఫిల్టర్ పెడితే, సెకనులో 16వ వంతు సరిపోయే చోట అర సెకను దొరుకుతుంది. పోలరైజర్ అయితే తడి బండల మీది, ఆకుల మీది మెరుపును కూడా కోసేస్తుంది. ట్రైపాడ్‌ను పారే నీళ్లలో కాకుండా కదలని బండ మీద నిలబెడతాడు. వేలు తగిలినా కెమెరా వణుకుతుంది కాబట్టి టైమర్ పెట్టి పక్కకు జరుగుతాడు. ప్రతి ఫొటోకూ ముందు లెన్సు మీది తుంపర తుడవాల్సిందే.

ఎక్కువసేపు కన్ను తెరిస్తే కెమెరా ఏం చేస్తుందో ఫొటోగ్రఫీ పుట్టిన రోజుల్లోనే తెలిసింది. 1838లో డాగేర్ పారిస్‌లోని ఓ రద్దీ వీధిని ఫొటో తీశాడు. అప్పట్లో ఒక్క ఫొటోకు నిమిషాలు పట్టేది. ఆ వీధిలో తిరిగిన బండ్లు, మనుషులు అందులో ఎవరూ లేరు! బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడిన మనిషి మాత్రం మిగిలాడు. కదిలేదాన్ని చెరిపేసి, నిలిచినదాన్ని ఉంచడం ఆ కన్ను గుణం. జలపాతంలో చెరిగిపోయేది నీటి విసురు.

ఈ మాట ఆయనకు స్టూడియోలోనే తట్టింది. అర సెకను కుంటాలను పెద్దది చేయించి గోడకు తగిలించాడు. పాస్‌పోర్టు ఫొటో దిగడానికి వచ్చిన ఓ కుర్రాడు దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

‘‘అన్నా, నీళ్లు పాల లెక్క ఎంత మెత్తగున్నయ్! దోస్తులతోని పోయి ఈత కొట్టి రావచ్చు గదా?’’

‘‘అవి మెత్తగ లెవ్వు తమ్మీ. మెత్తగ చేసింది నా కెమెరా’’ అన్నాడాయన.

కుర్రాడు నవ్వేసి వెళ్లిపోయాడు గానీ ఆయనకు మనసులో మాట నాటుకుంది. కుంటాల గుండాల్లో దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు ఎన్నిసార్లు చదవలేదు! పైకి నిమ్మళంగా కనిపించే నీటి కింద లోతు తెలియదు, నాచు పట్టిన బండ మీద కాలు ఆగదు.

మళ్లీ మబ్బు పట్టిన రోజు అదే చోట స్టాండు పెట్టి రెండు ఫొటోలు తీశాడు. ఒకటి అర సెకనుది, రెండోది వెయ్యో వంతుది. రెండో దాంట్లో నీళ్లు ముక్కలు ముక్కలుగా పగిలి, బండల్ని కొరికేస్తున్నట్టున్నాయి. పాతది తీసేసి ఇప్పుడు గోడకు ఆ రెండూ పక్కపక్కనే పెట్టాడు. ఫొటో దిగడానికి వచ్చినవాళ్లు ‘ఈ రెండూ ఒక్క చోటివేనా?’ అని అడక్కుండా ఉండరు. అడిగించుకోవడానికే కదా పెట్టింది!

ఏది నిజం అంటే రెండూ నిజమే. ఒకటి నీటి దారిని చూపిస్తే, ఇంకోటి దాని బలాన్ని చూపిస్తుంది. ఇప్పుడు చాలా ఫోన్లలోనూ జలపాతాన్ని పాలధారలా తీసే వీలుంది. వానాకాలంలో పిల్లలతో కుంటాల వెళ్తే మెట్ల దగ్గరే నిలబడి హాయిగా తీసుకోండి. ఇంటికొచ్చి ఆ ఫొటో నలుగురికీ చూపించేటప్పుడు మాత్రం, అది ఎంతసేపటి నీళ్లో కూడా చెప్పండి.