గుల్మార్గ్‌లో తడిసిన బనియన్

మాది సోలాపూర్. తాతగారి కాలంలో కరీంనగర్ వైపునుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలి కుటుంబం. నాన్న కార్ఖానాలో చద్దర్లు నేసి మమ్మల్ని చదివించాడు. నేను బి.కాం. పూర్తిచేసి బ్యాంకులో చేరాను. నూలును ఎవరైనా తక్కువచేసి మాట్లాడితే మా ఇంట్లో ఊరుకోం. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, గత ఫిబ్రవరిలో మంచుకొండ మీద నాకు జరిగిన శాస్తికి మూలం అక్కడే ఉంది.

పూణేలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయికి స్కీయింగ్ నేర్చుకోవాలని కోరిక. అంటే కాళ్లకు పొడవాటి పలకలు బిగించుకుని మంచు వాలు మీద జారడం. నాకు ఎల్.ఎఫ్.సి. మిగిలి ఉంది. "నాన్నా, నువ్వు కూడా రా, ఇద్దరం నేర్చుకుందాం" అంది. యాభై ఏడేళ్ల వయసులో ఇదేం పిచ్చి అని మా ఆవిడ నవ్వింది. అయినా కాశ్మీరులోని గుల్మార్గ్‌కు బయలుదేరాం. సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న ఊరది.

ప్రయాణానికి ముందు అమ్మాయి నాకోసం మెరినో ఉన్నితో చేసిన పల్చని లోదుస్తులు ఒక జత కొని తెచ్చింది. నా కన్ను ముందు ధర చీటీ మీద పడింది. "ఈ డబ్బుకు మన ఊళ్లో ఎన్ని చద్దర్లు వస్తాయో తెలుసా? చెమట పీల్చడంలో నూలుకు సాటి ఏముందమ్మా? మీ తాత వింటే నవ్విపోతాడు" అన్నాను. పిల్ల ముఖం చిన్నబోయింది. నేను పట్టించుకోలేదు.

రెండోరోజు పొద్దున రెండు నూలు బనియన్లు, మందపాటి నూలు చొక్కా, స్వెటరు, ఆపైన అద్దెకు తెచ్చిన కోటు వేసుకున్నాను. ఎన్ని ఎక్కువ వేస్తే అంత వెచ్చన అన్నది నా లెక్క. కొత్తగా నేర్చుకునేవాళ్లను ముందు వాలు మీద పక్కవాటుగా అడుగులేస్తూ ఎక్కిస్తారు. అరగంట ఎక్కేసరికి సోలాపూర్ మే నెలలో పట్టినంత చెమట పట్టింది. మంచులో చెమటా! నా లెక్క తప్పలేదని మురిసిపోయాను.

తరువాత పైకి లాక్కెళ్లే లిఫ్టు దగ్గర వరుసలో నిలబడ్డాం. సూర్యుడు మబ్బుచాటుకు పోయాడు. గాలి లేచింది. ముందు వీపు మీద తడిగుడ్డ కప్పినట్టయింది. కాసేపటికి వణుకు మొదలైంది. బూటు బకిలు విప్పబోతే వేళ్లు మాట వినలేదు. అమ్మాయి ఏదో అడిగింది. నేనిచ్చిన జవాబు నాకే సరిగా వినపడలేదు, నాలుక మడతపడింది. పిల్ల భయపడి శిక్షకుణ్ణి కేకేసింది. ఆ కాశ్మీరీ అబ్బాయి నా కాలరులో చెయ్యి పెట్టి చూసి, "సాబ్, లోపలంతా తడి" అన్నాడు.

ఇద్దరూ నన్ను పక్కనే ఉన్న టీ కొట్టులోకి నడిపించి పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు. తడి బట్టలు విప్పించారు. అప్పుడు అమ్మాయి తన సంచిలోంచి ఆ మెరినో జత తీసింది. "నువ్వు వేసుకోవని తెలుసు. అందుకే నేను మోసుకొచ్చాను" అంది. నేను తల ఎత్తలేకపోయాను.

వేడివేడి కహ్వా తాగి వణుకు తగ్గాక, అమ్మాయి నా బట్టలకు ఆడిట్ చేసింది. బట్టకు సొంతంగా వేడి ఉండదు. వేడి మన ఒంటిదే. దాన్ని పోనీయకుండా నిలిపేది పోగుల మధ్య చిక్కుకున్న కదలని గాలి. అక్కడ నీరు చేరిందంటే వేడి సుమారు 25 రెట్లు వేగంగా జారిపోతుంది. నూలు చెమటను పీల్చుకుని పట్టుకుని కూర్చుంటుంది. మన ఎండలో అదే సుఖం, అది ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. మంచులో మాత్రం ఆ గుణమే ప్రాణం మీదికి తెస్తుంది. ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు తేమను పీల్చినా ఒంటికి తడి తెలియనివ్వదు, వెచ్చదనమూ పూర్తిగా పోదు.

అందుకే పొరలు మూడు. ఒంటినంటి ఉండే పల్చని ఉన్ని లేదా పాలియెస్టర్ పొర చెమటను బయటికి పంపాలి. నడిమి పొర, ఉన్ని స్వెటరో ఫ్లీసో, గాలిని పట్టి ఉంచాలి. పైపొర గాలిని, మంచును ఆపుతూనే లోపలి ఆవిరిని పోనివ్వాలి. ఏదీ బిగుతుగా ఉండకూడదు, నలిగితే లోపలి గాలి పోతుంది. బయలుదేరేటప్పుడు కాస్త చలిగా ఉండటమే మంచిది. చెమట పట్టకముందే ఒక పొర తీసెయ్యాలి, ఆగగానే వేసుకోవాలి. మేజోళ్లు ఒక్క జతే చాలు. రెండు జతలు తొడిగి బూటు బిగిస్తే నెత్తురు ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. అమెరికాలోనో కెనడాలోనో ఉన్న పిల్లల దగ్గరికి చలికాలంలో వెళ్లే మన పెద్దలకూ ఈ లెక్కే పనికొస్తుంది.

సాయంత్రం మా శిక్షకుడు ఫెరన్ వేసుకుని కనిపించాడు. వదులైన ఆ పొడుగు అంగీని పాతకాలంలో ఒకదాని మీద ఒకటిగా రెండు వేసుకునేవారట. లోపల నిప్పుల కుంపటి, కాంగ్డీ. పొరల సంగతి అక్కడివాళ్లు తరతరాలుగా ఎరుగుదురు. తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ రాత్రి ఇంటినుంచి తెచ్చిన సోలాపూర్ చద్దరే కప్పుకున్నాను, దానిమీద హోటలువాళ్ల రజాయి. పొడిగా, వెచ్చగా ఉంది. నూలుది తప్పు కాదు. మంచి సొమ్మును తప్పు ఖాతాలో జమ వేసినవాణ్ణి నేను.

ఇంటికి రాగానే నాన్నకు జరిగిందంతా చెప్పాను. ఎనభై రెండేళ్ల మనిషి, నిజంగానే నవ్వాడు, అయితే నా మీద. "తడిసిన బట్ట ఒంటిమీద ఉంచుకోవద్దని చిన్నప్పటిసంది చెప్తలేనారా? నూలు సంగతి నాకు తెల్వదా? పిల్ల ప్రేమతోని తెచ్చింది. తొడుక్కుంటే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు.

ఆ జత ఇప్పుడు నా బీరువాలో, పెళ్లి పంచె పక్కన ఉంది.