సత్తెనపల్లి నుంచి ఒక పాట వెంట...

మా బడి గంట తొమ్మిదింటికల్లా మోగేది. గంట ఆగేలోపు వరసల్లో నిలబడాలి. ముందు ప్రతిజ్ఞ, తర్వాత పాట. ముందు వరసలో ఇద్దరమ్మాయిలు 'మా తెలుగు తల్లికి' అని అందుకునేవారు. వెనక మేమంతా వంత. సగం మందికి నిద్ర మత్తు. కానీ పాటలో అమరావతి పేరు వచ్చేసరికి మాత్రం అందరి గొంతులూ ఒక్కసారిగా లేచేవి. ఎందుకంటారా? అది మా పక్కూరు! పెదకూరపాడు మీదుగా బస్సులో గంట ప్రయాణం. ఒకప్పుడు అది మా సత్తెనపల్లి తాలూకాలోదే. రాష్ట్రమంతా పాడుకునే పాటలో మా తాలూకా ఊరు ఉందంటే చిన్న సంగతా?

ఈమధ్య ఊరెళ్లినప్పుడు మా మేనల్లుడు అదే పాట కూనిరాగం తీస్తుంటే విన్నాను. ఆరో తరగతి వాడు. "పద, పాటలో ఉన్న ఊరు చూసొద్దాం" అన్నాను. వాడు ఎగిరి గంతేశాడు.

వావిలాల ఊరు

గుంటూరు నుంచి మాచర్ల వెళ్లే దారిలో వస్తుంది సత్తెనపల్లి. చుట్టూ పత్తి చేలు, మిరప తోటలు. మాఘం దాటాక ఊరి పొలిమేరల్లో కల్లాల నిండా ఎర్రగా ఆరబోసిన మిరపకాయలే. కొత్తవాళ్లు తుమ్ముతారు. మాకు అది ఊరి వాసన.

ఈ ఊరి పేరు చెప్పగానే పెద్దవాళ్లకి గుర్తొచ్చేది వావిలాల గోపాలకృష్ణయ్య. 1906లో ఇక్కడే పుట్టారు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లారు. ఇక్కడి నుంచే నాలుగుసార్లు శాసనసభకు గెలిచారు. ఖద్దరు పంచె, సాదా బతుకు. 1974లో అధికార భాషా సంఘం ఏర్పడితే దానికి మొట్టమొదటి అధ్యక్షుడు ఆయనే. ఆఫీసు కాగితం తెలుగులో కదలాలని తిరిగినవాడు. ఆ మరుసటి ఏడే, 1975లో, హైదరాబాద్‌లో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. 'మా తెలుగు తల్లికి' రాష్ట్ర గీతమైంది. కార్యాలయాల్లోకి భాష, బడుల్లోకి పాట ఇంచుమించు ఒకేసారి అడుగుపెట్టాయన్నమాట.

సినిమా వదిలేసిన పాట

బస్సులో మావాడికి ఈ పాట కథ చెప్పడం మొదలుపెట్టాను. రాసింది తిరుపతి కవి శంకరంబాడి సుందరాచారి. హోటల్లో సర్వరుగా పనిచేశారు, పత్రికలో ప్రూఫులు దిద్దారు, తర్వాత బడుల ఇన్‌స్పెక్టరయ్యారు. 'దీనబంధు' అనే సినిమా కోసం ఈ పాట రాశారు. 1942 నాటి సినిమా అది. చిత్తూరు నాగయ్య, టంగుటూరి సూర్యకుమారి నటించారు. తీరా సినిమాలో ఈ పాట లేదు! అక్కడితో దాని కథ ముగిసిపోవాల్సిందే. కానీ అది గ్రామఫోను రికార్డుగా వచ్చింది. పాడింది సూర్యకుమారి. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులు గారి తమ్ముడి కూతురు.

"రికార్డంటే?" అన్నాడు వాడు. లక్కతో చేసిన నల్లటి పళ్లెం, కీ ఇస్తే తిరుగుతుంది, సూది పెడితే పాడుతుంది అని చెప్పాను. ఒక్కో వైపు మూడు నిమిషాలకు మించి పట్టదు. ఆ మూడు నిమిషాల్లోనే అమరావతి శిల్పాలు, త్యాగయ్య గొంతు, తిక్కన కలం, రుద్రమ్మ, మల్లమ్మ, తిమ్మరుసు, కృష్ణరాయలు... అంతా ఇమిడిపోవాలి. అందుకే ఆ పాటలో పొల్లుమాట కనపడదు. పసిపిల్లలకైనా నోటికొస్తుంది.

పక్కన పెట్టిన పాటే జనం మెచ్చిన పాట కావడం మన దగ్గరే కాదు. అమెరికాలో మోటౌన్ కంపెనీ మార్విన్ గే పాడిన ఒక పాటను 1967లో విడుదల చేయకుండా అట్టే పెట్టింది. మరుసటి ఏడు ఆల్బంలో ఒక మూల చేర్చితే రేడియో వాళ్లు అదే పనిగా వేశారు. చివరికి విడి రికార్డుగా వచ్చి దేశంలో మొదటి స్థానానికి చేరింది. పాట భవిష్యత్తు తేల్చేది కంపెనీ గదిలోని పెద్దలు కాదు, వినేవాళ్లు!

మన పాటకైతే దుకాణంలో అమ్ముడైన లెక్కలు కాదు, బడి వరసలే కొలమానం. 2014లో రాష్ట్రం విడిపోయాక కూడా ఆంధ్రప్రదేశ్‌లో అదే పాట నిలిచింది. తెలంగాణ 2024లో 'జయ జయహే తెలంగాణ'ను తన గీతంగా చేసుకుంది.

శిల్పాలేవి మావయ్యా?

అమరావతిలో దిగాం. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఈ పాత అమరావతి పల్నాడు జిల్లాలోకే వచ్చింది. కృష్ణ ఒడ్డున అమరలింగేశ్వరుడికి దణ్ణం పెట్టుకుని స్తూపం దగ్గరికెళ్లాం. పచ్చగడ్డి మధ్య గుండ్రటి దిబ్బ, చుట్టూ నిలిపిన కొన్ని రాతి పలకలు. మావాడి మొహం చిన్నబోయింది. "ఇంతేనా? పాటలో చెప్పిన శిల్పాలేవి మావయ్యా?"

చెప్పక తప్పలేదు. శాతవాహనుల నాటి ఆ శిల్పాలన్నీ మన పల్నాటి సున్నపురాతితో చెక్కినవే. పాడుబడ్డ స్తూపం రాళ్లను ఇళ్లకు, మెట్లకు తీసుకుపోయారు. కొన్నిటిని సున్నం కోసం కాల్చేశారు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే దొర తవ్వించి కొన్నిటిని మద్రాసు చేర్చాడు. అవి 1859లో ఓడెక్కి లండన్ వెళ్లాయి. 120కి పైగా శిల్పాలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మరికొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో. మిగిలిన వాటిలో కొన్ని ఇక్కడి మ్యూజియంలో.

"పాడినావిడ కూడా లండన్‌లోనే ఉండేదన్నావుగా?" అన్నాడు వాడు.

నిజమే. సూర్యకుమారి 1961లో న్యూయార్క్‌లో రవీంద్రుడి నాటకంలో రాణిగా నటించి మెప్పు పొందారు. 1960ల్లోనే లండన్‌లో స్థిరపడ్డారు. 1975 మహాసభలకు అక్కడి నుంచే వచ్చి ఈ పాట పాడారు. 2005 ఏప్రిల్‌లో అక్కడే కన్నుమూశారు. మా పక్కూరి శిల్పాలూ, వాటి పేరు ఇంటింటికీ చేర్చిన గొంతూ ఒకే నగరానికి చేరాయన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

"మరి పాట మన దగ్గరే ఉందిగా. బొమ్మలెందుకు పోయాయి?"

కాసేపు ఆలోచించి అన్నాను. "పాటని రోజూ పాడుకున్నాం కాబట్టి మిగిలిందిరా. రాళ్లని ఎవరూ రోజూ చూసుకోలేదు."

తిరుగు బస్సులో వాడు కిటికీ పక్కన కూర్చుని మళ్లీ అదే పాట అందుకున్నాడు. అమరావతి మాట దగ్గరికొచ్చేసరికి గొంతు పెంచలేదు. ఆగి, వెనక్కి తిరిగి చూసి, మెల్లిగా పాడాడు. ఈసారి వంత పాడింది నేనొక్కణ్నే.