ఫ్లెక్సీలో పట్టని పిల్లలు

పదో తరగతి ఫలితాలు వచ్చాయి, బడి గేటుకి ఫ్లెక్సీ ఎక్కింది. పాస్‌పోర్ట్ ఫొటోలు, కింద 600కి ఎన్నొచ్చాయో. మరి మిగతా బడంతా ఏడాది పొడుగునా ఏం చేసినట్టు? 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. వాళ్ల సత్తాని ఏ ర్యాంకూ బయటపెట్టలేదు. భువనగిరి గుట్ట మీద తాడు కట్టి ఎక్కిస్తేనే అది బయటపడింది.

"కొండలెక్కడాలు, ఆటలు అన్నం పెడతాయా?" అంటారు. న్యాయమైన భయమే, పేదింటికి మార్కులే ఆస్తి. కానీ ఆ గురుకులాలు చదువు మాన్పించి కొండలెక్కించలేదుగా! అయితే ఎవరెస్టూ ఇంకో ర్యాంకైపోతే మళ్లీ మొదటికే (ఆ ప్రమాదమూ ఉంది). అందుకే కబడ్డీలో మండలం దాటనివాడి పేరు, సైన్స్ ఫెయిర్‌లో పొంగని అగ్నిపర్వతం చేసిన పిల్ల పేరు కూడా గేటు మీదికి రావాలి. మీ ఊరి బడి ఫ్లెక్సీలో మార్కులు కాక ఇంకేమైనా ఉందా? చెప్పండి.