వాక్స్‌హాల్ మూల మీది పబ్బు

లండన్‌లో వాక్స్‌హాల్ స్టేషన్ బయటికి రాగానే బస్సుల రొద. నదివైపు బ్రిటిష్ గూఢచారి సంస్థ ఎంఐ6 వారి కోటలాంటి ఆఫీసు. ఇటుపక్క ఒక పార్కు, దాని అంచున చుట్టూ ఉన్న ఇళ్లన్నీ కూలగొట్టేసినా ఒంటరిగా నిలబడ్డ వంపు తిరిగిన పాత కట్టడం. 1860ల నాటి రాయల్ వాక్స్‌హాల్ టావెర్న్.

"మా పేటలో పబ్బంటే ఇదే పిన్నీ. గే పబ్బులే, భయపడకు" అంది మా అక్క కూతురు.

"నేనెందుకు భయపడతానే? మందు తాగమంటేనే భయం" అన్నాను.

లోపల వెయిటరు రాడు. కౌంటరు దగ్గరికి మనమే వెళ్లాలి, అడిగిన చోటే డబ్బు కట్టాలి. క్యూ ఉండదు గానీ ఎవరి తర్వాత ఎవరో బార్‌లో పనిచేసే కుర్రాడికి తెలుసు. నా ముందు నిలబడ్డ ముసలాయన వెనక్కి తిరిగి చూసి నన్ను ముందుకు వెళ్లమన్నాడు. లైమ్ సోడా గ్లాసు పట్టుకుని గోడవారన కూలబడ్డాను. పక్కన చేతులు పట్టుకున్న ఇద్దరు నడివయసు మగవాళ్లు, అటుపక్క ఫుట్‌బాల్ గొడవలో మునిగిన అమ్మాయిలు. చీరలో ఉన్న నాకేసి ఎవరూ రెండోసారి చూడలేదు.

షో మొదలైంది. ఆడవేషం కట్టిన ఆరడుగుల డ్రాగ్ క్వీన్ ఎర్రటి విగ్గుతో స్టేజీ ఎక్కి, ముందు వరసలో ఉన్నవాళ్లని ఒక్కొక్కరినీ పేరు అడిగి మరీ ఉతికి ఆరేసింది. నాకు స్థానం నరసింహారావు గారు గుర్తొచ్చారు. ఆడవేషాలకే 1956లో పద్మశ్రీ అందుకున్న మనిషి. ఆయన సత్యభామని చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోయేవారని మా పెద్దవాళ్లు చెప్పేవారు. అయితే మనవాళ్లు ఆ మురిపెం స్టేజీ దగ్గరే ఆపేశారు. వేషం తీసేశాక ఆ మనిషి ఎవరితో బతుకుతాడన్నది వేరే లెక్క. ఇక్కడి జనానికి ఆ లెక్కే ముఖ్యం.

అలా బతికే స్వేచ్ఛ ఊరికే దక్కలేదు. 1987 జనవరి 24 రాత్రి పోలీసులు ఈ పబ్బు మీద పడ్డారు. ఎయిడ్స్ భయం ముదిరిన రోజులు, అందుకని రబ్బరు గ్లవుజులు తొడుక్కుని మరీ వచ్చారు. ఆ రాత్రి స్టేజీ మీద లిలీ సావేజ్ వేషంలో ఉన్నది పాల్ ఓ'గ్రేడీ. గ్లవుజులు చూసి, గిన్నెలు తోమడానికి మనుషులొచ్చారని జోకేశాడట. అరెస్టయినవాళ్లలో ఆయనా ఉన్నాడు. తర్వాత టీవీలో దేశమంతటికీ ఇష్టుడయ్యాడు, 2023లో పోయాడు. మారువేషంలో డయానా యువరాణి కూడా ఒకసారి ఇక్కడికొచ్చిందని ఒక కథ ఉంది. నిజమో కాదో గాని, పబ్బుకి అలాంటి కథ ఒకటి ఉండాలి కదా!

పోలీసుల బెడద తగ్గాక అద్దెల బెడద పట్టుకుంది. లండన్‌లో ఇలాంటి చోట్లు 2006లో 125 ఉంటే, పదేళ్లు తిరిగేసరికి 53కి పడిపోయాయని యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు లెక్క తేల్చారు. ఈ టావెర్న్ కూడా 2014లో బిల్డర్ల చేతికి వెళ్లింది. దీన్నే నమ్ముకున్న కస్టమర్లు పోరాడితే, 2015లో ప్రభుత్వం దీన్ని వారసత్వ కట్టడంగా ప్రకటించింది. గే సమాజపు చరిత్రను చూసి ఆ దేశంలో అలా గుర్తించిన మొదటి కట్టడం ఇదే. షాపుల అద్దాల మీద అంటించే ఇంద్రధనస్సు జెండాల కంటే నాకు ఆ ప్రకటన మీదే గురి ఎక్కువ. జెండాని ప్రైడ్ వేడుకల నెల తిరగ్గానే పీకేస్తారు.

88 నంబరు బస్సెక్కి నది దాటి సోహో చేరాం. ఓల్డ్ కాంప్టన్ వీధిలో అడ్మిరల్ డంకన్ పబ్బు కిక్కిరిసి ఉంది. 1999 ఏప్రిల్ 30న ఇక్కడే మేకుల బాంబు పేలి ముగ్గురు చనిపోయారు, వారిలో ఒకామె గర్భిణి. ఆ బాంబు పెట్టినవాడే అంతకుముందు రెండు వారాల్లో నల్లవాళ్లుండే బ్రిక్స్‌టన్‌లో, బంగ్లాదేశీయులుండే బ్రిక్ లేన్‌లో పెట్టాడు. వాడి లెక్కలో వీళ్లంతా ఒక్కటే, నాలాంటివాళ్లతో సహా. పబ్బు ఆ జూలైలోనే మళ్లీ తెరిచారు.

తలలకి రిబ్బన్లు చుట్టుకున్న పెళ్లికూతురి బృందమొకటి గోలగోలగా వచ్చింది. గుమ్మం దగ్గర మనిషి వాళ్లని ఆపి ఏదో చెప్పాడు. గొణుక్కుంటూ వెళ్లిపోయారు.

"అందరిదీ అంటూనే ఆపడమేమిటే?"

"జూకి వచ్చినట్టు వచ్చి ఫొటోలు తీస్తారు పిన్నీ. పద్ధతిగా వచ్చేవాళ్లని ఎవరాపుతారు?"

హైదరాబాద్‌లో చాలా పబ్బుల గుమ్మం దగ్గర జంట లేని మగవాళ్లని లోపలికి పోనివ్వరు. ఆడవాళ్లకి ఇబ్బంది లేకుండా అంటారు. కారణం కొట్టిపారేసేది కాదు. కానీ ఇద్దరు మగవాళ్లే జంట అయితే? స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ గుమ్మం దాకా ఇంకా రాలేదు.

తిరుగు బస్సులో మా అక్క కూతురు టఫ్‌నెల్ పార్కు దగ్గరి క్లబ్ కాళీ సంగతెత్తింది. డీజే రీతూ, రీటా హీరానీ 1995లో మొదలుపెట్టిన దక్షిణాసియా గే క్లబ్బు. హిందీ పాటలు, భాంగ్రా.

"తెలుగు పాటలు వేస్తారా?"

"అడిగితే వేస్తారేమో, నేనెప్పుడూ అడగలేదు. ఈసారి వెళ్దాం, నువ్వే అడుగు. ఏ పాట?"

నేను ఘంటసాల కాలం దాటలేదు, అది దేవిశ్రీ ప్రసాద్ దగ్గర్నుంచి కదల్లేదు. బస్సు దిగేదాకా తేలలేదు.