పెద్దకర్మ వద్దన్నాను

కర్మకాండల గురించి చాలాకాలం నేను ఒకే ఒక్క ప్రశ్న వేశాను: ఇది నిజమేనా? కాకి ముట్టిన ముద్ద పోయినవాళ్లకు చేరుతుందా? చేరదు. మరి ఎందుకు చేయడం? తెనాలి వైపు పెరిగినవాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. హేతువాది త్రిపురనేని రామస్వామి చౌదరి పేరు, నాస్తికవాది గోరా పేరు వింటూ పెరిగాం. ఆ ప్రశ్న తప్పని ఇప్పటికీ అనను. నాన్న పోయినప్పుడు ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని ఇంటిల్లిపాది తరఫునా నేనే తీర్పు చెప్పేశాను. తప్పు అక్కడ జరిగింది.

దహనమైన సాయంత్రమే చెప్పాను: చిన్నకర్మ లేదు, పెద్దకర్మ లేదు, భోజనాలు లేవు, ఆ డబ్బు ఊళ్లో బడికి ఇద్దాం. బాబాయి ఏదో అనబోయి ఊరుకున్నాడు. అమ్మ తల ఊపింది. భర్తను సాగనంపి వచ్చిన మనిషి ఆ పూట దేనికైనా తల ఊపుతుందని నాకు తట్టలేదు.

నాకు ఇంకో కారణం కూడా ఉంది. దాన్ని ఇవాళ్టికీ వెనక్కి తీసుకోను. తాతయ్య పోయాక నాయనమ్మ గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపేయడం చిన్నప్పుడు నా కళ్లతో చూశాను. ఆవిడ అరుపు మర్చిపోలేదు. అమ్మకు ఆ గతి పట్టనివ్వకూడదనుకున్నాను, పట్టనివ్వలేదు. కానీ ఆ క్రూరత్వం ఒక్కటీ తీసేస్తే సరిపోయేదానికి, దాని చుట్టూ ఉన్న రోజులన్నీ తీసేశాను.

ఆ రోజుల్లో ఏముందో అప్పుడు ఆలోచించలేదు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. పక్కింటివాళ్లో, వియ్యాలవారో క్యారియర్లు పంపుతారు. పలకరించడానికి వచ్చినవాళ్లు ‘ఎలా జరిగింది?’ అని అడుగుతారు. ఆ చివరి రాత్రి సంగతి ఇంటావిడ మొదట్నించీ చెబుతుంది. మరొకరు వస్తే మళ్లీ మొదట్నించీ. నాకది హింసలా కనిపించేది. నిజానికి మొదటిసారి మాట పెగలని మనిషి, చెప్పగా చెప్పగా వాక్యం పూర్తి చేయగలుగుతుంది. పెద్దకర్మ నాడు పుట్టింటివాళ్లు చీర పెడతారు. ఆ తర్వాత దగ్గరివాళ్లెవరో ‘నిద్ర చేయడానికి’ తమ ఇంటికి తీసుకెళ్తారు. ఎప్పుడు రావాలి, ఏం తేవాలి అని ఎవరూ తల బద్దలుకొట్టుకోనక్కర్లేదు. ఓదార్చడం చేతకాని మనిషి కూడా ఆ రోజుకు బస్సెక్కి వచ్చి, నలుగురితో పాటు కూర్చుని లేస్తే చాలు, తన వంతు చేసినట్టే.

ఆ తేదీని నేను తీసేశాను. దహనానికి అందుకోలేకపోయినవాళ్లు పెద్దకర్మకు వద్దామనుకున్నారట. అది లేదని తెలిశాక ఎప్పుడు రావాలో తోచక, ఫోన్ చేసి ఊరుకున్నారు. మామయ్య చీర కొని కూడా, ఇచ్చే సందర్భం లేక బీరువాలో పెట్టుకున్నాడు. నేను హైదరాబాద్ వెళ్లి ఉద్యోగంలో పడ్డాను.

కొన్నాళ్లకు ఇంటికెళితే, అమ్మ రోజూ దొడ్డి గోడ మీద కాకికి ముద్ద పెడుతోందని పక్కింటావిడ చెప్పింది. ఇవన్నీ నమ్ముతున్నావా అని అడిగాను. ‘‘నీకు నమ్మకం లేదు, సరే. నాకుందని ఎవరన్నార్రా? మీ నాన్న కోసం నలుగురూ వచ్చి కూర్చుంటే చూసుకుందామనుకున్నా’’ అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాతే చదవడం మొదలుపెట్టాను. మానవశాస్త్రవేత్త ఆర్నాల్డ్ వాన్ జెనెప్ 1909లోనే ఈ సంగతి రాశాడు. పుట్టుక, పెళ్లి, చావు లాంటి మార్పులప్పుడు మనిషిని పాత స్థితి నుంచి విడదీసి, కొంతకాలం గుమ్మం మీద నిలబెట్టి, తర్వాత కొత్త స్థితిలోకి తీసుకోవడం ఎన్నో సమాజాల్లో కనిపిస్తుందని ఆయన చూపించాడు. యూదులు దగ్గరివాళ్లు పోతే 7 రోజులు ఇల్లు కదలకుండా కూర్చుంటారు, ఊరు వాళ్ల దగ్గరికి వస్తుంది. మన క్రైస్తవుల ఇళ్లలో ఆదరణ కూడిక పెడతారు. దేవుళ్లు వేరు, చదివేవి వేరు. దుఃఖానికి ఒక గడువు పెట్టి, ఆ గడువులో మనిషిని ఒంటరిగా వదలకపోవడం మాత్రం అన్నిచోట్లా ఉంది. నేను అమ్మను ఆ గుమ్మం మీదే వదిలేసి వెళ్లిపోయాను. లోపలికి తీసుకెళ్లేవాళ్లను రావద్దన్నదీ నేనే.

నేను ఎవరి పేరు చెప్పుకుని ఆ పని చేశానో, వాళ్లనూ సరిగా చదవలేదు. రామస్వామి చౌదరి పెళ్లి తంతును కాదని చేతులు దులుపుకోలేదు. అందరికీ అర్థమయ్యేలా తెలుగులో ‘వివాహ విధి’ రాసి, తానే పెళ్లిళ్లు జరిపించారు. గోరా పెద్దమ్మాయి కులాంతర వివాహాన్ని సేవాగ్రామ్‌లో జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నారు. ప్రమాణంలో దేవుడి పేరుకు బదులు సత్యం పేరు పెట్టడానికీ ఒప్పుకున్నారు. గాంధీ హత్య జరిగిన తర్వాత, 1948లో, ఆ పెళ్లి అక్కడే జరిగింది. ఇద్దరూ తాము ఒప్పుకోలేనిది తీసేసి, నలుగురూ కలిసే చోటును నిలబెట్టారు. నేను ఆ చోటునే కూల్చాను.

మొన్న బాబాయి పోయినప్పుడు ముందు పిన్నిని అడిగాను, అదీ ఒక్కసారి కాదు. దహనం నాడు అడిగి ఊరుకోకుండా, రెండు రోజులు ఆగి మళ్లీ అడిగాను. అన్నీ జరగాలి, గాజుల జోలికి మాత్రం ఎవరూ రాకూడదు అంది. పెద్దవాళ్లలో ఇద్దరు ససేమిరా అన్నారు, ఒకావిడ అలిగి వెళ్లిపోయింది కూడా. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను, గాజులు ఎవరూ ముట్టలేదు. మిగతా పది రోజులూ వచ్చినవాళ్లకు కుర్చీలు వేశాను, మంచినీళ్లిచ్చాను, పిన్ని చెప్పిందే చెబుతుంటే పక్కన కూర్చుని విన్నాను. మంత్రాల మీద నాకు కొత్తగా నమ్మకమేమీ పుట్టలేదు. అక్కడ నా నమ్మకంతో పనీ పడలేదు.

తేలనిది భోజనాల ఖర్చు. వద్దంటున్నా వినకుండా తమ్ముడు, నలుగురిలో నామోషీ అని అప్పు చేసి మరీ మాంసంతో పెట్టాడు. ఇలా అప్పులపాలైన ఇళ్లు మా ఊళ్లోనే చాలా ఉన్నాయి. ఇది ఆగాలి. పప్పన్నం పెట్టినా వచ్చేవాళ్లు వస్తారని అమ్మ అంటుంది. ఆ మాట బంధువులందరి ముందూ నేను చెబితే మళ్లీ నా తీర్పే అవుతుంది. అందుకే సంవత్సరీకానికి ఏం పెట్టాలో అమ్మా పిన్నీ కూర్చుని తేల్చమన్నాను. తమ్ముణ్నీ పిలిచారు, ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.