ఒకే ప్రశ్న... వంద గుమ్మాలు!

'మావాడు ఎక్కడున్నాడు సార్?'

మూడే మూడు మాటలు. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుని అడిగారు. అక్కడ నిలబడ్డ పోలీసుని అడిగారు. అంబులెన్సు డ్రైవరుని, ఆసుపత్రిలో నర్సుని, మార్చురీ ముందు కూర్చున్న ఉద్యోగిని అడిగారు. ఎవరూ తెలీదనలేదు. 'అక్కడ అడగండి' అన్నారంతే. అక్కడికి వెళ్తే మళ్లీ అదే ప్రశ్న, అదే జవాబు.

2025 జూన్ 30, సోమవారం. పాశమైలారం పారిశ్రామికవాడలోని సిగాచీ పరిశ్రమలో ఉదయం షిఫ్టు మొదలై ఎంతోసేపు కాలేదు. మందుబిళ్లల తయారీలో వాడే సెల్యులోజ్ పొడి చేసే పరిశ్రమ అది. పొడిని ఆరబెట్టే విభాగంలో పేలుడు జరిగింది. మూడంతస్తుల భవనం కూలిపోయింది. ఆ సమయంలో 143 మంది అక్కడున్నారని అధికారులు చెప్పారు. వాళ్లలో ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. మన జిల్లాల వాళ్లూ ఉన్నారు. మృతుల సంఖ్య గంటగంటకూ మారింది. చివరికి 54 దగ్గర ఆగింది. వాళ్లలో 8 మంది ఆనవాళ్లే దొరకలేదు.

ఆ రోజుల్లో పటాన్‌చెరు ఆసుపత్రి దగ్గరా, పరిశ్రమ దారిలోనూ కనిపించిన దృశ్యం ఒకటే. సెల్‌ఫోన్లో ఫొటో చూపిస్తూ తిరిగే మనుషులు. భర్త కోసం భార్య, తమ్ముడి కోసం అన్న, కొడుకు కోసం రెండు రోజులు రైల్లో ప్రయాణించి వచ్చిన తండ్రి. తెలుగు రాదు. వచ్చీరాని హిందీలో ఒకటే మాట... 'కహాఁ హై?'

విసుగు ఎవరిది?

ఒకే ప్రశ్న పదేపదే వినిపిస్తుంటే జవాబు చెప్పేవాళ్లకి విసుగొస్తుంది. 'ఇందాకే చెప్పాం కదమ్మా' అంటారు. తప్పు అడిగేవాళ్లదే అనిపిస్తుంది. నిజానికి జనం ఒకే ప్రశ్న మళ్లీమళ్లీ అడుగుతున్నారంటే జవాబు వాళ్లకి కనిపించే చోట లేదని అర్థం.

బస్టాండులో చూడండి. బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికొస్తుందో పెద్ద అక్షరాలతో రాసి ఉంటే ఎంక్వయిరీ కిటికీ దగ్గర నలుగురుంటారు. ఆ బోర్డు లేకపోతే నలభై మంది ఉంటారు. ప్రయాణికులు మారలేదు. బోర్డు మారింది, అంతే. బస్సు తప్పితే ఇంకో బస్సు వస్తుంది. మార్చురీ ముందు నిలబడ్డవాళ్లకి ఆ వెసులుబాటు లేదు. అలాంటి చోట జవాబు ఎలా అందించాలన్నది ఇంకెంత జాగ్రత్తగా ఆలోచించాలి!

రెండు కార్డులు కలిసినచోట...

వందేళ్ల క్రితం జెనీవాలో కొందరు ఈ చిక్కునే ఎదుర్కొన్నారు. 1914 జులై చివర్లో మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. ఆగస్టులోనే రెడ్‌క్రాస్ అక్కడ యుద్ధఖైదీల సమాచారం కోసం ఓ కేంద్రాన్ని తెరిచింది. ఐరోపా నలుమూలల నుంచి ఉత్తరాలు గుట్టలుగా వచ్చిపడ్డాయి. అన్నింట్లో ఒకటే ప్రశ్న: మా అబ్బాయి బతికున్నాడా? ఒకే సైనికుడి గురించి తల్లి ఓ ఉత్తరం, భార్య మరోటి రాసేవాళ్లు.

వచ్చిన ప్రతి ఉత్తరానికీ విడిగా వెతుకుతూ కూర్చుంటే ఆ పని ఎప్పటికీ తెమలదు. అందుకే కార్డుల పద్ధతి పెట్టారు. ఇంటివాళ్లు అడిగిన వివరాలు ఒక కార్డు మీద. శత్రుదేశం పంపిన ఖైదీల జాబితాలోని పేరు ఇంకో కార్డు మీద. రెండింటినీ అక్షరక్రమంలో ఒకేచోట పేర్చారు. ఒకే పేరున్న రెండు కార్డులు పక్కపక్కకి రాగానే జవాబు దొరికినట్టే. ఇంటికి ఉత్తరం వెళ్లేది. వందలమంది వాలంటీర్లు ఈ పని చేశారు. వాళ్లలో ఎక్కువమంది మహిళలే. గాంధీ, రామకృష్ణ పరమహంసల జీవితచరిత్రలు రాసిన ఫ్రెంచి రచయిత రొమైన్ రోలాండ్ కూడా కొన్నాళ్లు అక్కడ ఉత్తరాలు చూశారు. యుద్ధం ముగిసేసరికి కార్డులు దాదాపు 70 లక్షలు! 

ఇప్పటికీ పద్ధతి అదే. పెద్ద ప్రమాదాల్లో మృతుల్ని గుర్తించడానికి ఇంటర్‌పోల్ రెండు రకాల పత్రాలు రూపొందించింది. కనిపించకుండా పోయిన మనిషి గురించి ఇంటివాళ్లు చెప్పే వివరాలకు పసుపు రంగు పత్రం. దొరికిన మృతదేహం వివరాలకు గులాబీ రంగు పత్రం. పుట్టుమచ్చ, కట్టించుకున్న పన్ను, పాత ఆపరేషన్ గుర్తు, డీఎన్ఏ... అన్నీ ఇందులోకే వస్తాయి. పాశమైలారంలో గుర్తుపట్టలేనంతగా కాలిపోయిన దేహాలకు కుటుంబసభ్యుల రక్తనమూనాలతో డీఎన్ఏ పోల్చి చూసిందీ ఈ లెక్కనే. 

కాకపోతే డీఎన్ఏ ఫలితానికి రోజులు పడుతుంది. ఆ రోజులన్నీ ఇంటివాళ్లు ఏం చేయాలి? ఏమీ తెలియనప్పుడు 'నమూనా తీసుకున్నాం, ఫలితం ఇంకా రాలేదు, రేపు సాయంత్రం అయిదింటికి మళ్లీ చెబుతాం' అన్నదీ జవాబే. ఆ మాట వాళ్ల భాషలో చెప్పి కాగితం మీద రాసిచ్చినా ఆ పూటకి పది గుమ్మాలు తొక్కే బాధ తప్పుతుంది.

2023 జూన్ 2న ఒడిశాలోని బాలాసోర్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం జరిగినప్పుడు మన రాష్ట్రాల్లోనూ ఎన్నో ఇళ్లలో ఫోన్లు మోగాయి. విజయవాడ, రాజమండ్రి, విశాఖ స్టేషన్లలో హెల్ప్‌లైన్లు పెట్టారు. మృతుల ఫొటోలనూ, క్షతగాత్రులు ఏ ఆసుపత్రిలో ఉన్నారన్న జాబితానూ ఒడిశా ప్రభుత్వం వెబ్‌సైట్లలో పెట్టింది. చూడటానికి గుండె రాయి చేసుకోవాల్సిందే. అయినా వందల మైళ్ల దూరంలో ఉన్నవాళ్లకి ఎక్కడికి వెళ్లాలో తెలిసింది. అంత చేసినా 28 మృతదేహాలు ఎవరివో తేలలేదు. అక్టోబరులో భువనేశ్వర్‌లో వాటికి అంత్యక్రియలు జరిపించారు.

జవాబు గేటు దగ్గరే ఉండాలి

జెనీవాలో కార్డులు కలవడానికి రెండు వైపుల నుంచీ పేర్లు అందాయి. పరిశ్రమలో ప్రమాదం జరిగితే రెండో కార్డు ఎవరి దగ్గరుంటుంది? గేటు దగ్గర. ఆ షిఫ్టులో లోపలికి వెళ్లినవాళ్ల పేర్లే ఆ కార్డు.

కంపెనీ ఉద్యోగి పేరు హాజరుపట్టీలో ఉంటుంది. కాంట్రాక్టు కూలీ సంగతే చిక్కు. ఒడిశా నుంచి వచ్చిన కుర్రాణ్ని మేస్త్రీ ఒక పేరుతో పిలుస్తాడు, ఆధార్‌లో మరో పేరు ఉంటుంది. ఇస్నాపూర్‌లో ఒకే గదిలో ఉండేవాళ్లకి అతని ఊరు తెలుసు, ఇంటి ఫోన్ నంబరు తెలియదు.

ఇవన్నీ ఎవరికీ తట్టని సంగతులేం కాదు. వలస కార్మికుల కోసం 1979లోనే కేంద్రం చట్టం తెచ్చింది. కాంట్రాక్టరు ప్రతి కార్మికుడికీ ఫొటో అంటించిన పాస్‌పుస్తకం ఇవ్వాలంది. ప్రాణాపాయం జరిగితే రెండు రాష్ట్రాల అధికారులకీ, కార్మికుడి దగ్గరి బంధువుకీ తెలియజేయాలంది. 2025 నవంబరులో దాని స్థానంలో కొత్త లేబర్ కోడ్ వచ్చింది. చట్టం పేరు మారినా కావాల్సింది మాత్రం మారలేదు. షిఫ్టులో అడుగుపెట్టిన ప్రతి మనిషి పేరు, ఫొటో, ఇంటి ఫోన్ నంబరు ఉన్న జాబితా కావాలి. దాని నకలు మంటలు చేరని చోట, పరిశ్రమ బయట ఉండాలి. ప్రమాదం జరిగిన గంటలో ఆ జాబితా ఒకే సహాయకేంద్రానికి చేరాలి. ఎవరు బయటపడ్డారు, ఎవరు ఏ ఆసుపత్రిలో ఉన్నారు, ఎవరి జాడ తెలియలేదు... తెలుగు, హిందీ, ఒడియా, బెంగాలీల్లో బోర్డు మీద రాయాలి. ఎన్ని గంటలకు రాశారో కూడా కిందే వేయాలి. ఆ బోర్డు చదవలేని వాళ్లకి చదివి వినిపించడానికి పక్కన ఓ మనిషి ఉండాలి. 

ఇవేవీ కోట్లు ఖర్చయ్యే పనులు కావు. ఓ రిజిస్టరు, ఓ బోర్డు, ఓపికగా మాట్లాడే నలుగురు మనుషులు చాలు. పోయిన ప్రాణాల్ని ఇవి తిరిగి తేలేవు. కన్నవాళ్లని గుమ్మం గుమ్మానికీ తిప్పకుండా మాత్రం ఆపగలవు.

ఆనవాళ్లు దొరకని ఆ 8 మంది ఇళ్లకి ఏ జాబితా ఇచ్చినా పూర్తి జవాబు కాదు. 'ఆ ఉదయం మీవాడు ఇన్ని గంటలకి లోపలికి వెళ్లాడు, ఫలానా చోట పనిలో ఉన్నాడు' అని ఒక్కరు నిలబడి చెబితే, అడిగిన మనిషికి కాసేపు కూర్చోవడానికైనా వీలవుతుంది.

పారిశ్రామికవాడలో రోజూ సైరన్ మోగుతుంది. టిఫిన్ డబ్బాలతో జనం గేట్లలోకి వెళ్తుంటారు. వాళ్లలో ప్రతి ఒక్కరి పేరూ ఎక్కడో ఒకచోట సరిగ్గా రాసి ఉందా? ఈ ప్రశ్నని మాత్రం ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకూడదు.