మాట పడిపోతే

మాట్లాడటం కంటె తేలికైన పని లోకంలో లేదని మనం అనుకుంటాం. ఖర్చు లేదు, చెమట పట్టదు. అది ఎంత పెద్ద పనో మా ఇంట్లో 1971లో తెలిసివచ్చింది.

మాది శాలిబండ. నాయన పత్తర్‌గట్టీలో ఒక బట్టల దుకాణంలో మున్షీ. నిజాం రోజుల్లో ఉర్దూలో చదువుకున్న మనిషి. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఉర్దూ. లక్నో వైపు మనిషి ఎవరైనా దుకాణానికి వస్తే సరదాకి "కలం" అనిపించేవాడు. వాళ్ళు నాలుక మొదలును కొండనాలుకకు తాకించి, గాలిని ఒక్క క్షణం బిగబట్టి వదులుతారు. మన పాతబస్తీవాళ్ళు అంతగా తాకించరు. కాస్త సందు వదిలి గాలిని ఒరుసుకుపోనిస్తారు. అందుకే అది గరగరలాడే "ఖలం" అవుతుంది. "కొండనాలుక కాడ వెంట్రుకవాసి తేడా బిడ్డా, దాంతోనే ఊరు చెప్పొచ్చు" అని నవ్వేవాడు.

అట్లాంటి మనిషి ఒకనాడు తెల్లవారుజామున లేచి, అమ్మను పిలవబోయి, పిలవలేకపోయాడు. కుడిచెయ్యి వాలిపోయింది. నోరు తెరిస్తే "ద... ద..." తప్ప మరేమీ రాలేదు.

వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయమన్నారు చుట్టాలు. డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

"నాలుకకు జబ్బేమీ లేదు. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలే మాటకు పెట్టుబడి. గొంతులో రెండు మడతలున్నాయి. స్వరతంత్రులంటారు గాని అవి తీగలు కావు. మాట్లాడేటప్పుడు మగవాళ్ళకవి సెకనుకు నూరుసార్లకు పైగా, ఆడవాళ్ళకు సుమారు రెండువందల సార్లు అదురుతాయి. ఆ నాదాన్ని నాలుక, అంగిలి, పళ్ళు, పెదవులు అక్షరాలుగా మలుస్తాయి. ఈ పనిముట్లన్నీ మీ నాయనకున్నాయి. వాటికి హుకుం ఇచ్చే చోటు, మెదడులో ఎడమవైపు ముందుభాగం, నెత్తురు అందక దెబ్బతిన్నది."

1861లో పారిస్‌లో బ్రోకా అనే వైద్యుడు, "టాన్" అనటం తప్ప దాదాపు మరేమీ పలకలేని రోగి చనిపోయాక, మెదడును పరీక్షించి అక్కడే దెబ్బ చూశాడట.

"ఇంకొక్క మాట. మీరు మాట్లాడేది ఆయనకు చాలావరకు అర్థమవుతుంది" అన్నాడు డాక్టరు.

మా గుండెలు జారిపోయాయి. వారం రోజులుగా ఆ మంచం పక్కనే నిలబడి, అప్పులు లెక్కవేసుకున్నాం. "ఇక లాభం లేదు" అని కూడా అనుకున్నాం.

లెక్క చెప్పించి చూడమన్నాడు. నేను "ఏక్, దో" అన్నాను. తన పేరు చెప్పలేని మనిషి, "తీన్, చార్" అంటూ పది దాకా వెళ్ళాడు! ఏళ్ళ తరబడి నోట నానిన మాటలు ఒక్కొక్కప్పుడు ఇట్లా దక్కుతాయట.

మన అక్షరమాలను పెద్దలు నోటి దారి వెంట పేర్చారు. క గొంతులో, చ అంగిట్లో, ట నాలుక మడతలో, త పళ్ళ దగ్గర, ప పెదవుల మీద. అమ్మ ఆ బడిని తలకిందులు చేసింది. పెదవులు కంటికి కనిపిస్తాయి కనుక ప, బ, మలతో మొదలుపెట్టింది. మూడు వారాలైనా ఫలితం లేదు.

ఒక మధ్యాహ్నం పక్కింటి ఖాలా వచ్చి, "క్యా హోనా భాయీ?" అంది. నాయన కూజా వైపు చూసి, "పానీ" అన్నాడు.

ఖాలా సంబరపడింది. అమ్మ మాత్రం వంటింట్లోకి పోయి ఏడ్చింది. "నీళ్ళు అనలే. నాతోని అనలే."

డాక్టరు ఓదార్చాడు. "పానీకి పెదవులూ నాలుక కొనా చాలమ్మా. నీళ్ళు అనాలంటే నాలుకను వెనక్కి మడవాలి. రెండు భాషల మనిషికి ఏది ముందు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అందులో ప్రేమ లెక్కలు చూడకండి."

ఆ తరవాత ఆరేళ్ళు బతికాడు నాయన. మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చేవి. "దుకాణం... చిట్టా... తే" అంటే మేము అతుకులు వేసుకునేవాళ్ళం. ఆయన ఎదుట ఆయన లేనట్లు మాట్లాడటం మాత్రం ఆనాటితోనే మానేశాం.

"ళ" చివరిదాకా లొంగలేదు. నీళ్ళు "నీలు"గానే మిగిలాయి. అమ్మ దిద్దలేదు. కొన్నాళ్ళకు ఆమే "నీలు కావాల్నా?" అని అడగటం మొదలుపెట్టింది. మా ఇంట్లో ఇప్పటికీ అవి నీలే.